స్కాన్ రాయని డాక్టరు

వదిన ఫోన్ పెట్టేసి చాలాసేపయింది గానీ, ఆవిడ అడిగిన మాట మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు. "తలకి స్కాన్ తీయించకుండా, కనీసం ఒక్క మాత్రయినా రాయకుండా పంపించేశాడా? అదేం డాక్టరు?" అత్తయ్యగారు ఈ మధ్యాహ్నం ఎవరి చేయీ పట్టుకోకుండా వంటింట్లోకి వెళ్ళి స్వయంగా పప్పుకు తాలింపు పెట్టారు. రాయవలసింది నిజానికి ఆ సంగతే, కానీ ముందు ఈ చిరాకు దిగాలి.

అత్తయ్యగారి అవస్థ ఇదీ. మంచం మీద కుడివైపుకు ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది, అర నిమిషంలో ఆగేది, కదలకుండా కూర్చుంటే ఏమీ ఉండేది కాదు. పైత్యమని పక్కింటివారు భావన అల్లం పంపారు, రక్తపోటేమోనని ఇంకెవరో ఉప్పు మానిపించారు, మందుల షాపు కుర్రాడు ఇంకో ప్రశ్న వేయకుండా కళ్ళు తిరగడానికి వాడే బీటాహిస్టిన్ మాత్రలు చేతిలో పెట్టాడు.

ఈ రోజు చెవి, ముక్కు, గొంతు డాక్టరు మాత్రం ఆవిడ చెప్పినదంతా విని, బల్ల మీద కూర్చోబెట్టి, తలను కుడివైపుకు సగం తిప్పి, బల్ల అంచుకు కాస్త కిందికి వాలేలా చటుక్కున పడుకోబెట్టి, కళ్ళలోకి చూస్తూ ఆగారు. ఒకటి రెండు క్షణాల తరువాత ఆవిడ కనుపాపలు పైకి ఎగురుతూ, గుండ్రంగా మెలితిరుగుతూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. నేను పక్కనే నిలబడి చూశాను, అత్తయ్యగారు నా మణికట్టును నొక్కిన గుర్తు ఇంకా ఉంది. 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు వైద్యులు వివరించిన పరీక్ష అట అది. లోపలి చెవిలో యుట్రికిల్ అనే చిన్న సంచిలో ఉండవలసిన కాల్షియం కార్బొనేట్ పలుకులు ఊడి, అర్ధవృత్తాకారపు గొట్టాలలో ఒకదానిలోకి జారిపోతాయి. తల కదిపినప్పుడల్లా అవి లోపలి ద్రవాన్ని కదిలించి, లేని తిరుగుడును ఉన్నట్టుగా మెదడుకు చెబుతాయి. ఇలా తల కదిపితే కళ్ళు తిరిగే జబ్బును బీపీపీవీ (బినైన్ పారాక్సిస్మల్ పొజిషనల్ వర్టిగో) అంటారు. ఆ తరువాత ఆయన తలను మెల్లగా ఎడమవైపుకు తిప్పి, ఆ పక్కకే ఒరిగించి, ముఖం నేలవైపుకు ఉంచి, ఒక్కొక్క భంగిమలో కొంతసేపు ఆపి, లేపి కూర్చోబెట్టారు. వైద్యమంతా అంతే.

ఇక్కడ నాకు అమ్మ గుర్తుకు వస్తోంది. తమ్ముడి పెళ్ళి ఫోటోలలో పట్టుచీర, కాసులపేరు, వాటి పైన మెడకు తెల్లని కాలరు. అటక మీది ఆవకాయ జాడీ కోసం తల పైకెత్తినప్పుడల్లా అమ్మకు కళ్ళు తిరిగేవి. ఎక్స్‌రే తీసి మెడ ఎముకలు అరిగాయన్నారు, స్పాండిలైటిస్ అన్నారు. 50 దాటిన చాలామంది మెడలు ఎక్స్‌రేలో అలాగే కనిపిస్తాయని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. వేసవి ఉక్కలో కాలరు కింద చెమటపొక్కులు లేచి, వాటికి పౌడరు అద్దుకుంటూ, పెళ్ళిపీటల దగ్గర కూడా అమ్మ దానిని తీయలేదు, తీస్తే అందరి ముందూ పడిపోతానని భయం. కొన్ని వారాలకు తిరుగుడు తగ్గింది, ఆ ఘనత అంతా కాలరుకు దక్కింది. ఈ పలుకుల జబ్బు చాలామందిలో దానంతట అదే సర్దుకుంటుందని ఈ రోజు విన్నప్పుడు, ఆ పెళ్ళిలో అమ్మ ఒక్కసారైనా హాయిగా తలెత్తి నవ్వి ఉండేది కదా అని కడుపు మండింది. పరీక్ష చేసి చూడలేదు కనుక అమ్మది కచ్చితంగా ఇదేనని అనలేను, కానీ ఆ పరీక్షకు కావలసినది ఒక బల్ల, చూసే రెండు కళ్ళు మాత్రమే.

ఇంతవరకూ వదిన మీద కోపంతోనే రాశాను. అయితే వదిన మామగారి సంగతి మరిచిపోయి రాయడం న్యాయం కాదు. ఆయనకు ఒక తెల్లవారుజామున కళ్ళు తిరిగితే పైత్యమనే అనుకుని భావన అల్లమే పెట్టారు. సాయంత్రానికి మాట ముద్దగా వచ్చి, అడుగు పక్కకు పడడం మొదలైంది. చిన్నమెదడులో పక్షవాతం. తిరుగుడు ఆగకుండా గంటల తరబడి ఉన్నా, నిలబడలేకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, మాట తడబడినా, ఒక పక్క చచ్చుబడినా క్షణం ఆలస్యం చేయకూడదు. అలాంటప్పుడు మామూలు సీటీ స్కాన్‌లో తొలి గంటలలో జబ్బు దొరకకపోవచ్చు, ఎమ్మారై కావలసి వస్తుంది. చెవిలో హోరు, వినికిడి తగ్గడం తోడైతే అది మెనియర్స్ అనే మరో లోపలి చెవి జబ్బు కావచ్చు, దాని దారి వేరు. ఆ ఇంట్లో జరిగినది చూసిన మనిషి స్కాన్ గురించి అడగకపోతేనే ఆశ్చర్యం.

అయినా చిరాకు పూర్తిగా పోలేదు. వదిన నెమ్మదించినది నేను చెప్పిన లక్షణాలు విని కాదు, డాక్టరు పేరు పక్కనున్న డిగ్రీలు విని. తల తిప్పి చేసే ఈ చికిత్సను 1992లో ప్రచురించిన ఎప్లీ అనే అమెరికా వైద్యుడిని తోటి డాక్టర్లే చాలాకాలం నమ్మలేదట. బిల్లు, ఫిల్ము, మాత్రల పట్టీ లేని వైద్యం వాళ్ళకే ఎక్కనప్పుడు వదినను మాత్రం ఏమనగలను?

ఇది మళ్ళీ రావచ్చని డాక్టరు ముందే చెప్పారు, విటమిన్ డి చూపించుకోమన్నారు. వస్తే యూట్యూబ్ చూసి నువ్వే తిప్పేయవచ్చు కదా అమ్మాయ్, ఆటోకు డబ్బులు దండగ అని అత్తయ్యగారు రాత్రి భోజనాల దగ్గర తేల్చేశారు. ఈసారి ఏ చెవో, ఏ గొట్టమో పరీక్షలో తేలకుండా నేను ఆవిడ తల ముట్టుకోనని చెప్పేశాను. అలిగి, మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.