కొండ దిగేసరికి ముందు చక్రం బ్రేకు పట్టేస్తోంది: నా అనుభవం

నిన్న సాయంత్రానికి ఈ పీడ వదిలింది. ఇంకా చేతులకు ఆయిల్ వాసన పోలేదు, అందుకే వివరాలు మరిచిపోకముందే రాస్తున్నా.

బండి 2009 మోడల్ 150 సీసీ, ముందు డిస్క్. టౌన్లో ఎంత తిరిగినా ఏమీ కాదు. తిరుమల నుంచి దిగేటప్పుడే సగం దారి దాటాక లివర్ రాయిలా గట్టిపడుతుంది, అలిపిరి చేరేసరికి బండి తోస్తే కదలదు. అరగంట నిలబెడితే మళ్ళీ మామూలే. దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, 36 హెయిర్‌పిన్ మలుపులు. బ్రేకులో చిన్న లోపమున్నా అక్కడ దాక్కోదు.

ప్యాడ్లు మార్చాను, కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు పూశాను. ఫలితం లేదు.

చూపించిన షాపులో "పాత బండి కదన్నా, కాలిపర్ మొత్తం మార్చాల్సిందే" అన్నారు. చల్లారిన బండిని చూసి చెప్పిన మాట అది. వేడెక్కితే వచ్చే జబ్బును వేడి మీదే చూడాలి. బండి పట్టేసి ఉన్నప్పుడు చేయాల్సిన పరీక్ష ఇది, స్పానర్లు వెంట తీసుకెళ్ళండి.

ముందు హ్యాండిల్ మీద, లివర్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను కిందికి తోసే మాస్టర్ సిలిండర్ దగ్గర, ఆయిల్ పైపును పట్టి ఉంచే బాంజో బోల్టు చుట్టూ గుడ్డ చుట్టి, 12 నంబర్ స్పానర్‌తో కొద్దిగా వదులు చేయండి. చక్రం తిరిగితే తప్పు పైనే, మాస్టర్ సిలిండర్లో. తిరక్కపోతే బోల్టు బిగించి, కింద కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న మరను, అంటే బ్లీడర్ నిపుల్‌ను, 8 నంబర్‌తో వదలండి. అప్పుడు తిరిగితే హోస్ (ఆయిల్ పైపు) లోపల ఉబ్బి మూసుకుపోయినట్టు. అప్పటికీ తిరక్కపోతేనే కాలిపర్ పిస్టన్ పట్టేసినట్టు. నా బండి చక్రం బాంజో వదలగానే తిరిగింది. కాలిపర్ కొనివుంటే డబ్బు దండగే.

ఇక్కడి నుంచి రెండు రోజులు పట్టింది. మాస్టర్ సిలిండర్ మీది ఆయిల్ డబ్బా మూత తీసి లివర్‌ను మెల్లగా, ఒక్క మిల్లీమీటరు నొక్కితే అడుగు నుంచి సన్నటి చిమ్ము లేవాలి. లేవలేదు. సిరంజితో ఆయిల్ లాగేసి టార్చ్ వేశాను. అడుగున రెండు రంధ్రాలు. పెద్దది శుభ్రంగా ఉంది. సూదిమొన అంత ఉండే చిన్నదాని మీద గోధుమరంగు జిగురు. లివర్ వదిలాక, వేడికి ఉబ్బిన ఆయిల్ డబ్బాలోకి వెనక్కి పోయే దారి అదొక్కటే. అది మూసుకుంటే ప్యాడ్లు డిస్కును వదలవు, రాపిడికి ఇంకా వేడెక్కుతుంది, ఆయిల్ ఇంకా ఉబ్బుతుంది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి రంధ్రం తెరిచాను. ఇనుప సూది పెట్టొద్దు, లోపల గీత పడితే పిస్టన్ కొసనున్న రబ్బరు కప్పు చిరుగుతుంది.

తాజా ఆయిల్ పోసి మళ్ళీ నొక్కాను. చిమ్ము లేవలేదు!

చివరికి లివర్ బోల్టు తీస్తే మాస్టర్ సిలిండర్ పిస్టన్ ఇంకో మిల్లీమీటరు బయటికి వచ్చింది. వేలితో నొక్కితే చిమ్ము లేచింది. అంటే లివరే పిస్టన్‌ను ఎప్పుడూ కొంచెం లోపలికి నెట్టిపెట్టి, కప్పును రంధ్రం మీదే నిలబెడుతోంది. పోయిన ఏడాది ఓ షాపులో వేసిన డూప్లికేట్ లివర్ అది. ఇంట్లో దాచిన పాత లివర్ పక్కన పెడితే, పిస్టన్‌ను నెట్టే ముక్కు డూప్లికేట్‌కే కంటికి తెలిసేంత పొడుగు. మెరుపు చూసి లివర్లు వేసే షాపులు ఖాళీ ఆట, అంటే పిస్టన్‌ను నెట్టేముందు లివర్ ఊరికే కదిలే కొద్ది దూరం, ఉందో లేదో చూడవు. లివర్ కొసన కాస్త ఆట ఉండి తీరాలి. బ్రేకుతో ఇలా చెలగాటమాడటం ప్రాణాలతో ఆడటమే.

పాతది వేశాను. బాంజోకు కొత్త వాషర్లు రెండు వేసి, మూత మీద రాసినట్టు డాట్ 4 బ్రేకు ఆయిల్ పోసి, పైపులో చేరిన గాలి తీశాను. పావు లీటరు సీసా చాలు, గాలి తీసేటప్పుడు డబ్బాలో ఆయిల్ అయిపోకుండా చూసుకోండి. ట్యాంకు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి, పెయింటు లేచిపోతుంది. సీల్ రబ్బర్లకు పెట్రోలు తగలనివ్వొద్దు.

నిన్న రెండో గేర్లో కొండ దిగాను. అలిపిరిలో ముందు చక్రం ఎత్తి తిప్పితే ప్యాడ్ల సన్నటి రాపిడి చప్పుడుతో రెండు చుట్లు తిరిగి ఆగింది.