చింతచెట్టు మీద డైలాగులు

నేను రాస్తున్న చరిత్ర పుస్తకంలో 1908 నాటి హైదరాబాద్ మూసీ వరద అధ్యాయాన్ని ఎడిటర్ సారు వెనక్కి పంపారు. ఎర్ర గీతలు ఎప్పుడూ ఉండేవే, కానీ ఈసారి చింతచెట్టు పేరా పక్కన ఒక మాట రాశారు, "ఇక్కడ ఒక తల్లీ బిడ్డా, రెండు డైలాగులు పడితే సీన్ పండుతుంది" అని. సాయంత్రం నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. పప్పు మాడింది కూడా అందుకే. బుజ్జిగాడు నోరెత్తకుండా తిన్నాడంటే నా మొహం ఎలా ఉందో మీకు తెలుసుగా.

ఏ తల్లి? ఏ బిడ్డ? 1908 సెప్టెంబర్ 28న, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారంటారు. కింద మూసీ అలా పోతుంటే కొమ్మల మీద వాళ్లు ఒకరితో ఒకరు ఏమనుకున్నారో నేనెలా రాసేది? నవలైతే హాయిగా రాసేదాన్ని. అట్ట మీద నిజమైన చరిత్ర అని వేసుకుని లోపల నా మాటలు వాళ్ల నోట్లో పెడితే, ఇన్నాళ్లూ పాత గెజిట్ల దుమ్ము పీల్చింది దేనికి?

పైగా నిజంగా అనుభవించిన మనిషి ఉన్నాడు కదా. రుబాయీల (నాలుగు పాదాల ఉర్దూ పద్యాల) కవి అమ్జద్ హైదరాబాదీ. తల్లి, భార్య, కూతురు ముగ్గురినీ ఆ వరద తీసుకుపోతే తానొక్కడే మిగిలి, తర్వాత ఆ దుఃఖాన్ని కవిత్వంలో చెప్పుకున్నాడు. ఆయన గురించి రాసిన నాలుగు వాక్యాల పక్కన సారు "బాగుంది, ఇంకొంచెం పెంచండి" అని రాశారు. ఏం పెంచాలండీ? ఆయనే చెప్పి ఊరుకున్నాక!

అసలు ఆ చెట్టు నాకు చూపించింది నాన్న. నానమ్మ ఉస్మానియాలో ఉన్నప్పుడు టిఫిన్ డబ్బా ఇచ్చి వస్తూ వెనక వైపు తీసుకెళ్లాడు. "గీ చెట్టే బిడ్డా, దీని మీద రెండు దినాలు కూసున్నరు" అన్నాడు. మరి ఆకలేస్తే ఏం తిన్నారు అని అడిగాను. నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, ఒక ముసలామె కొంగులో జొన్నరొట్టె ఉండెనట, తలా ఇంత తుంచి ఇచ్చిందట అని మొదలుపెట్టాడు. ఇంకొకాయన అడిగాడట, ఆమె తిట్టిందట, పిల్లవాడు నవ్వాడట. బస్సెక్కినా కథ ఆగలేదు. మెహదీపట్నం వచ్చేసరికి ఆ ముసలామెకు పేరు కూడా వచ్చింది. నూటయాభై మందికి ఒక్క రొట్టె ఎలా సరిపోయిందని నేనూ అడగలేదు.

అదంతా నాన్న అల్లిందే. కానీ ఆ రొట్టె లేకపోతే నేను మూసీ జోలికే వచ్చేదాన్ని కాదేమో. అందుకే ఇప్పుడు సారు మీద కోపం కాస్త తగ్గింది, ఆయన అడుగుతున్నదీ ఆ రొట్టెనే కదా. ఇంకో సంగతి కూడా ఉంది. 15,000 మంది చనిపోయారని మొదటి పేజీలోనే రాశాను. అంత గుండ్రటి అంకె లెక్కపెట్టి వచ్చింది కాదని చూస్తేనే తెలుస్తుంది. దానికి "అంటారు" అని తగిలించి ముందుకెళ్లిపోయాను, డైలాగు దగ్గరకొచ్చేసరికి మాత్రం మడి కట్టుకున్నాను. సరే, నాన్న చెప్పిన రొట్టె కథ నాన్న చెప్పినట్టుగానే, నాన్న పేరు మీదే పెడతాను. ఆయన చెప్పాడన్నది నిజమే కాబట్టి. సారుకి డైలాగూ దొరుకుతుంది.

కానీ చెరువుల పేజీ కొట్టేశారు చూడండి, అది మాత్రం వదలను. "నెమ్మదిగా ఉంది" అట! ఎగువన చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగుతూ, 200కు పైగా తెగి, ఆ నీళ్లన్నీ కలిసొస్తేనే కదా మూసీ ఒడ్డునున్న కోల్సావాడి బస్తీ అలా కొట్టుకుపోయింది. అది తీసేస్తే ఇక మిగిలేది అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా నదికి పసుపు కుంకుమ సమర్పించిన ముచ్చటే. చదివినవాళ్లు మూసమ్మకు కోపమొచ్చింది, పూజ చేస్తే శాంతించింది అనుకుంటారు. మరి 1909లో ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించింది ఎందుకు? వరదను ఆపే జలాశయాలు, 1920కి గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ కట్టింది ఎందుకు? ఆ పేజీ లేకపోతే తర్వాతి అధ్యాయానికి కాళ్లే లేవు.

రేపు ఫోన్ చేసి ఇదే చెప్తాను. రొట్టె ఇస్తాను, చెరువులు వెనక్కి ఇవ్వండి అని.