ఏడు రోడ్లు, ఎస్ఐఆర్ మోడల్

నిన్న అక్క కూతురికి డిగ్రీ లెక్కలు చెప్తుంటే ఎస్ఐఆర్ మోడల్ వచ్చింది, అంటే జనాన్ని ఇంకా సోకని వాళ్లు, సోకిన వాళ్లు, కోలుకున్న వాళ్లు అని విడగొట్టి అంటురోగం ఎట్లా పాకుతుందో చెప్పే లెక్క. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇచ్చింది, బొంబాయి ప్లేగు లెక్కలతో పోల్చి మరీ చూపించారు. పాప గ్రాఫ్ గీసి, "మామా, అందరికీ సోకకముందే రోగం ఎందుకు తగ్గిపోతాంది?" అనింది. భలే పట్టుకుందిలే! రోగికి ఎదురుపడే వాళ్లలో ఇంకా సోకని వాళ్లు తగ్గేకొద్దీ, ఒక్కొక్కరు సగటున ఒకరికన్నా తక్కువ మందికి అంటించే రోజు వస్తుంది, అక్కడి నుంచి గీత కిందికే. తట్టు మాత్రం మొండిది, రక్షణ లేని జనంలో ఒకరి నుంచి 12–18 మందికి అంటుతుందంటారు. 15 అనుకున్నా, అది పాకకుండా ఆగాలంటే 15లో 14 మందికి, అంటే దాదాపు 93 శాతానికి రక్షణ ఉండాలి.

నాకు నచ్చనిది ఒకటే: కడప ఏడు రోడ్ల దగ్గర పొద్దంతా బండి పెట్టుకునే మనిషీ, గడప దాటని మా అవ్వా ఈ మోడల్‌కి ఒకటే. ఆ మాటంటే పాప అవ్వకు వేరే సమీకరణం రాయడం మొదలుపెట్టింది.