రష్యన్ యుద్ధ సినిమాకు తెలుగు సబ్‌టైటిళ్లు: నా అనుభవం

స్తనిస్లావ్ రొస్తోత్‌స్కీ 1972లో తీసిన సినిమా. పేరును ‘ఇక్కడి ఉదయాలు ప్రశాంతం’ అనుకోవచ్చు. 1942, రష్యా వాయవ్యాన కరేలియా అడవి, 171వ రైల్వే సైడింగ్. విమానాల్ని కూల్చే దళంలోని అయిదుగురు అమ్మాయిలు, వాళ్ల పై అధికారి వాస్కోవ్. ఇద్దరే అనుకున్న జర్మన్లు పదహారుమందిగా తేలతారు. అయిదుగురు అమ్మాయిలూ చనిపోతారు. విజయవాడ గవర్నర్‌పేటలో ఓ చిన్న హాల్లో వేయడానికి దీనికి సబ్‌టైటిళ్లు చేశాను.

ముందు చూడాల్సింది వేగం. సబ్‌టైటిల్ ఫైలు సెకనుకు 25 ఫ్రేముల (బొమ్మల) కాపీకి చేసిందై, మన వీడియో 24దైతే, గంట గడిచేసరికి 2 నిమిషాల 24 సెకన్లు తేడా. మాట ముందే వచ్చేస్తుంది. కామెడీ అయితే సర్దుకుపోవచ్చు; ఇక్కడ పిల్ల ఇంకా నడుస్తుండగానే ఆమె చావు కబురు తెరమీద పడుతుంది. ఫైలు మొత్తాన్ని రెండు సెకన్లు జరిపితే మొదటి సీను కుదురుతుంది, ఆఖరుది చెడుతుంది. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్‌రేటే 25 నుంచి 24కి మార్చాలి. తర్వాత మొదటి మాట, చివరి మాట సరిచూడాలి.

సేవ్ చేసేది తెలుగు అక్షరాల్ని దాచగల యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే. లేదంటే తెలుగంతా ప్రశ్నార్థకాలు. రెండు వరుసలు పెడితే పై వరుస వత్తులు కింది వరుస తలకట్ల మీద కూర్చుంటాయి, ఎడం పెంచక తప్పదు. యుద్ధం భాగం నలుపు తెలుపు. పొగమంచు మీద తెల్ల అక్షరాలు కనిపించవు. లేత పసుపు, నల్ల అంచు.

అసలు తలనొప్పి మాటలతో. రష్యన్‌లోనూ మనలాగే నువ్వు, మీరు వేరు. ఇంగ్లిష్ నుంచి చేస్తే రెండూ కలిసిపోతాయి. ఆడియోలో ‘తి’ వినిపిస్తే నువ్వు, ‘వి’ అయితే మీరు అని పక్కన రాసుకుంటూ పోయాను. ‘వి’ ఒకరితోనా, ఇద్దరితోనా అన్నది సీను చూసి తేల్చుకోవాలి.

ఆ అయిదుగురిలో ఒకరైన సోన్యా చనిపోయేది వాస్కోవ్ మరిచిన పొగాకు సంచి తేబోయి. ఇంగ్లిష్‌లోలా ‘పౌచ్’ అని రాస్తే మనవాళ్లకు గుట్కా ప్యాకెట్టే గుర్తొస్తుంది, ఆ చావు కాస్తా వెటకారమైపోతుంది. తాడుతో మూతి బిగించే గుడ్డ సంచి అది. ‘పొగాకు తిత్తి’ అని రాశాను.

హాలు ల్యాప్‌టాప్‌లో తెలుగు ఫాంటు లేకపోతే డబ్బాలే వస్తాయి. అందుకని అక్షరాల్ని వీడియోలోనే ముద్రించి, పెన్‌డ్రైవ్‌లు రెండు తీసుకెళ్లాను.