రామప్ప ఫైలు మీద ఎవరి సంతకం?

రామప్పకు యునెస్కో గుర్తింపు తెలంగాణకు దక్కిన గౌరవం అంటాం. నిజమే, కానీ ఆ ఫైలు మీద తెలంగాణ సంతకం చెల్లదు. ప్రపంచ వారసత్వ ఒప్పందంలో నామినేషన్ వేసే హక్కు దేశాలకే ఉంది. కాగితాలు మనం తయారుచేసినా పంపాల్సింది ఢిల్లీ. ఫిబ్రవరి 1లోపు పారిస్‌లోని యునెస్కోకు చేరకపోతే ఆ ఏడాది పోయినట్టే. పైగా 2020 నుంచి దేశానికి ఏటా ఒక్క నామినేషనే. అంటే మన మొదటి పోటీ గుజరాత్‌తోనో కర్ణాటకతోనో.

నామినేషన్‌కు ముందు దేశం ఇచ్చే తాత్కాలిక జాబితాలో, 2014లో, ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి, రామప్ప కలిసే ఉన్నాయి. చివరికి రామప్ప ఒక్కటే వెళ్లింది. నన్నడిగితే అదే తెలివైన పని. ఖిలా లోపల ఊరుంది, వేయిస్తంభాల గుడిని హన్మకొండ చుట్టేసింది. అక్కడ బఫర్ జోన్, అంటే కట్టడం చుట్టూ ఉండాల్సిన రక్షణ వలయం, గీత గీయడమంటే ఇళ్ల మధ్య గొడవే.

అంత చేసినా నిపుణుల సంస్థ ఐకోమాస్ వాయిదా వేయమంది. తుది నిర్ణయం తీసుకునే 21 దేశాల ప్రపంచ వారసత్వ కమిటీలో అప్పుడు భారత్‌కు కుర్చీ లేదు. ఇప్పుడే చేర్చాలని రష్యా పట్టుబట్టింది, చాలా దేశాలు కలిశాయి. 2021 జూలై 25న ములుగు జిల్లా పాలంపేట గుడి జాబితాకెక్కింది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడికి మాస్కో వకాల్తా!

బెల్జియంలో లెక్క వేరు. అక్కడి ప్రాంతాలు తమ పరిధి అంశాల మీద విదేశాలతో సొంతంగా ఒప్పందం చేసుకోవచ్చు. సుమారు 36 లక్షల జనాభా ఉన్న అక్కడి వల్లోనియా ప్రాంతం 2016 అక్టోబరులో యూరప్-కెనడా వాణిజ్య ఒప్పందాన్ని కొన్నాళ్లు ఆపేసింది. 2011 లెక్కల్లో మన ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా కూడా దాదాపు అంతే, 35 లక్షలు. మన దగ్గర విదేశాంగం, ఒప్పందాలు కేంద్ర జాబితాలోనివి. 253వ అధికరణ ప్రకారం, రాష్ట్ర జాబితాలోని అంశమైనా సరే, విదేశీ ఒప్పందం అమలుకు పార్లమెంటు చట్టం చేయగలదు. కొరియా కంపెనీని కాకతీయ టెక్స్‌టైల్ పార్కుకు పిలుచుకోవడం వరకు మనకు అడ్డులేదు.

వరంగల్ దరీలకు 2018లో, చపాట మిర్చికి 2025లో వచ్చిన జీఐ ట్యాగుదీ (ఊరి పేరుతో ప్రసిద్ధమైన సరుకుకిచ్చే భౌగోళిక గుర్తింపు) ఇదే కథ. చెన్నై రిజిస్ట్రీ ఇచ్చే రక్షణ మన దేశంలోనే. బయట కావాలంటే ఆయా దేశాల్లో విడిగా దరఖాస్తు పెట్టాలి, లేదా కేంద్రం ఒప్పందంలో ఆ పేరు రాయించాలి. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) నిబంధనల్లో గట్టి రక్షణ వైన్లకు, మద్యానికే ఉంది. దరీకి, మిర్చికి కొన్నవాళ్లు మోసపోయేలా ఉందని రుజువు చేయాలి. ఇంకోటి: సొసైటీ పేరున ట్యాగు రాగానే పని అయిపోదు. వరంగల్ కొత్తవాడ నేతకారులు ఆ పేరు వాడుకునే అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. పదేళ్లకోసారి రెన్యువల్ కూడా మరవొద్దు.