రెమింగ్టన్ 700, ఊడొచ్చే మ్యాగజైన్, కాస్త కాటుక

మేముండేది టెక్సాస్‌లో. హెచ్1బీ రోజుల్లో తుపాకీ జోలికే పోలేదు. గ్రీన్‌కార్డు వచ్చాక తుపాకీ కొనేటప్పుడు ఇవ్వాల్సిన 4473 ఫారం నింపి, పాత రెమింగ్టన్ 700 రైఫిల్ ఒకటి కొన్నాను. .308 తూటా వాడేది, బీడీఎల్ మోడల్, వాల్‌నట్ చెక్క స్టాక్. దీని మ్యాగజైన్, అంటే తూటాలు నింపే అర, లోపలే ఉంటుంది. బోల్టు (తూటాను లోపలికి తోసే కడ్డీ) వెనక్కి లాగి పైనుంచి నాలుగు తూటాలు ఒక్కొక్కటే నొక్కాలి. ఖాళీ చేయాలంటే కిందున్న మూత తెరవాలి, నాలుగూ బొలబొలా రాలిపోతాయి. నవంబరులో జింకల వేటకెళ్లి, చీకట్లో బురదలోంచి వాటిని ఏరుకున్న రోజున, ఇక ఊడొచ్చే మ్యాగజైన్ పెట్టించాల్సిందే అనుకున్నాను.

మొదటి తప్పు షాపులోనే చేశాను. పీమ్యాగ్ అనే బ్రాండు మ్యాగజైన్ మీద .308 అని కనిపించగానే రెండు కొనేశాను. తీరా చూస్తే అవి ఏఆర్-10 తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులకు వాడే ఎస్ఆర్-25 రకం. నాకు కావలసింది నాలాంటి బోల్టు రైఫిళ్లకు వాడే ఏఐసీఎస్ రకం. తూటా అదే, కానీ మొదటిదాంట్లో తూటాలు ఓసారి ఎడమ నుంచి, ఓసారి కుడి నుంచి పైకొస్తాయి, రెండోదాంట్లో ఎప్పుడూ మధ్యలోంచే. విచిత్రమేంటంటే, మా ఫ్రెండ్ 6.5 క్రీడ్‌మోర్ తూటాల రైఫిల్‌కి వాడే ఏఐసీఎస్ మ్యాగజైన్ అడిగి తెచ్చుకుంటే అందులో నా .308 తూటాలు హాయిగా పట్టాయి. రెండింటి తూటాలకూ అడుగు వెడల్పు ఒకటే, 0.473 అంగుళాలు. .243కి కూడా అంతే. .223 సన్నం, దానికి వేరే మ్యాగజైన్ కొనాల్సిందే.

మ్యాగజైన్ దొరికినంత మాత్రాన పనవదు. పాత మూత, ట్రిగ్గర్ గార్డు ఉన్న చోట కొత్త బాటమ్ మెటల్, అంటే మ్యాగజైన్‌ని పట్టి ఉంచే లోహపు చట్రం, రావాలి. చాలావాటికి ఎం5 అనే కొలతలో స్టాక్ చెక్క తొలవాలి. అంత ధైర్యం లేక, బీడీఎల్ గాడిలోనే కూర్చుంటుందన్నది చవగ్గా ఒకటి తెప్పించాను. ముందు బోల్టు తీసి పక్కన పెట్టి, స్క్రూలు విప్పి, లోపలి రేకు డబ్బా, స్ప్రింగు అన్నీ ఓ ఆవకాయ సీసాలో దాచాను. రేపు మనసు మారితే?

అంతా బిగించి, డమ్మీ తూటాలు వేసి బోల్టు తోశాను. బోల్టు తూటా మీదుగా జారి ఖాళీగా వెళ్లిపోయింది. మళ్లీ తోసినా అంతే. మ్యాగజైన్‌ని అరచేత్తో పైకి ఎత్తిపట్టి తోస్తే మాత్రం బుద్ధిగా ఎక్కింది. అంటే ఎక్కడో వెంట్రుకవాసి కిందికి కూర్చుందన్నమాట.

రేంజ్‌లో పరిచయమైన ఓ పెద్దాయన కిటుకు చెప్పాడు. లోహానికి నల్లరంగు పూసి చెక్కలోకి నొక్కితే, ఎక్కడ తగులుతోందో అక్కడ మచ్చ పడుతుందట. ఆ రంగు ప్రత్యేకంగా అమ్ముతారు గానీ, మా ఆవిడ కాటుక డబ్బీ ఎదురుగానే ఉంది. పూసి నొక్కి తీస్తే గాడి ముందు మూలలో గోరంత నల్ల మచ్చ. అంతమేర గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పూసి, మళ్లీ రుద్ది... ఏడోసారికి లోహం పూర్తిగా కూర్చుంది.

తూటా ఎక్కింది. కానీ ఇప్పుడు బోల్టు మూసుకోవడమే బిగుతుగా ఉంది! గంటసేపు టెన్షన్ పడ్డాక తట్టింది: మెటల్ పైకి జరిగింది కాబట్టి ముందువైపు స్క్రూ మొన కూడా పైకొచ్చి, బోల్టు తలకు తగులుతోంది. స్క్రూ తీసి మొనను ఆకురాయితో కాస్త అరగదీశాను. సమస్య పోయింది.

శనివారం రేంజ్‌లో ముందు ఒక్క తూటా, తర్వాత రెండు, చివరికి మ్యాగజైన్‌లో పట్టే ఐదూ నింపి కాల్చాను. ఒక్కటీ ఇరుక్కోలేదు. ఇప్పుడు ఖాళీ చేయడమంటే తుపాకీ ఛాంబర్‌లో ఉన్న తూటాను బోల్టుతో లాగి, మ్యాగజైన్ జేబులో వేసుకోవడమే. ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. ఇదివరకు ఒంటిచేత్తో పట్టుకుని నడిచేటప్పుడు తూకం కుదిరే చోట అరచెయ్యి ఆనేది. సరిగ్గా అక్కడే ఇప్పుడు మ్యాగజైన్ వేలాడుతోంది.