సలేశ్వరంలో నాయనమ్మ మొక్కు

మా నాయనమ్మ మొక్కిన మొక్కును ఈ చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని శివక్షేత్రం సలేశ్వరంలో చెల్లించి వచ్చాను. నెలలు నిండకుండా పుట్టిన నా కొడుకు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్న రోజుల్లో, బిడ్డ బతికి ఇల్లు చేరితే చెప్పులు లేకుండా నడిచి వచ్చి గుండం నీళ్లతో అభిషేకం చేయిస్తానని ఆమె లింగమయ్యకు మొక్కుకుంది. బిడ్డ ఇల్లు చేరాడు, ఆమె ఒడిలో ఆడుకున్నాడు; ఆమె మాత్రం మాఘమాసంలోనే శివైక్యం చెందింది. ఇంటి పెద్ద మొక్కు ఇంటివాళ్లే తీర్చాలి కనుక నేను బయలుదేరాను.

నాయనమ్మది అచ్చంపేట దగ్గరి పల్లె. 2016లో పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి విడిపోయి నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడిన తరువాత కూడా ఎవరడిగినా "మాది పాలమూరు" అనే చెప్పేది. పాలమూరు కూలీలు ఊరూరా ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన కాలంలో తాత కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు వలసలోనే ఉండేవాడు. ఉన్న కాస్త చెల్కను చూసుకుంటూ, పిల్లలకు జొన్నగటక పోసి పెంచింది ఆమే. కబురు రాని ఆ నెలల్లో ఆమెకు లింగమయ్యే ధైర్యం. ప్రతి చైత్రంలో కొంగున పుట్నాలు, బెల్లం ముక్కలు ముడివేసుకుని నల్లమలలోకి దిగేది. దారిలో ఏ పిల్లవాడు ఏడుస్తూ కనిపించినా, ఎవరి బిడ్డ అని అడగకుండా కూర్చుండబెట్టి తినిపించేది. ఆమెతో వెళ్లినవాళ్లు అందరికన్నా ఆలస్యంగా గుండం చేరేవారని నాన్న ఇప్పటికీ చెబుతుంటారు.

మన్ననూరు దాటి, ఫర్హాబాద్ దగ్గర అడవిలోకి తిరిగి, వాహనాలు ఆగే చోటు నుంచి నడక మొదలుపెట్టాం. "వత్తున్నం లింగమయ్యా" అన్న కేక ముందూ వెనకా లోయంతా మోగుతూ ఉంటే ఒళ్లు పులకరించింది. అయితే జనాన్ని చూసి బాధ కూడా కలిగింది. ఏడాదికి కొద్ది రోజులే తెరిచే దారిలో, పులులు తిరిగే అడవిలో, నీళ్ల సీసాలూ పాన్ మసాలా పొట్లాలూ పారేస్తూ, ముసలివాళ్లను నెట్టుకుంటూ పోవడం ఏ భక్తి అనిపించుకుంటుంది?

ఎండకు కాలిన రాళ్ల మీద కొంత దూరం దిగేసరికి నా అరికాళ్లు బొబ్బలెక్కాయి. చెట్టు కింద కుండతో నీళ్లు పోస్తున్న ఒక చెంచు అవ్వ నన్ను చూసి, "చెప్పుల్లేవా బిడ్డా?" అని అడిగింది. మా నాయనమ్మ మొక్కని చెప్పగానే లేచి వచ్చి, నా కాళ్ల మీద నీళ్లు పోసి, పాత చీర పేలికలు రెండు చించి తానే కట్టింది. మొక్కు తప్పుతుందేమోనని నేను వెనకాడితే, "గుడ్డ చెప్పెట్లయితది? లింగమయ్య ఏమనడు, నడువు" అన్నది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. నాయనమ్మ లాగే నేనూ కట్టుకుపోయిన పుట్నాలు, బెల్లం ఆమె చేతిలో పెడితే మాత్రం నవ్వి, పక్కనున్న మనవరాలికి అందించింది.

ఒకవైపు బండ, మరోవైపు లోయ ఉన్న ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరం దిగాం. కొండపై నుంచి పడే ధార కింద తలవంచి, నాయనమ్మ ఇత్తడి చెంబును గుండంలో ముంచుకుని గుహ ముందుకు చేరాను. చెంచు పూజారి చెంబు అందుకుని లింగం మీద పోశాడు. దీపపు వెలుతురులో విభూతి కరిగి, తడిసిన నల్లరాయి ఒక్కసారి మెరిసింది. కన్నార్పే లోపల వెనకనుంచి తోపులాట నన్ను పక్కకు జరిపింది. అయినా నేను చూశాను, నాయనమ్మ పేరు గట్టిగానే చెప్పాను.

మొక్కులో అన్నం పెట్టడం కూడా ఉందని నాన్న గుర్తుచేశారు. ఊరికి చేరిన మరునాడు వాడకట్టు పిల్లలందరినీ పిలిచి, పరమాన్నం వండి, నాయనమ్మ వడ్డించే ఇత్తడి గరిటెతోనే వడ్డించాం.